కనుమ మీద ఆగని బండి

ఒంటిగంటకు వస్తానని చెప్పి వెళ్ళాడు థమాయే, ఈలోపు ఏదో ఒకటి తేల్చుకోమన్నాడు, ఒంటిగంటకే హ్లోత్సే నుంచి ఇంకో బేరం వస్తోందట, నిజమో అబద్ధమో, పాత బండ్లు అమ్మేవాడికి ఎప్పుడూ ఇంకో బేరం దారిలోనే ఉంటుంది. ఇప్పుడు పన్నెండూ పది. మాతెబెలో ఆకుపచ్చ బండిలో స్టీరింగు ముందు కూర్చుంది, రెండు చేతులూ దాని మీద వేసి గట్టిగా పట్టుకుంది, ఇంజను ఆగే ఉంది, బండి రాజధాని మసేరు నడిబొడ్డున కంకర పరిచిన పాత బండ్ల దొడ్లో నిలబడే ఉంది, అయినా ఆమె కుడికాలు బ్రేకు మీంచి లేవనంటోంది. పక్కనే వెండిరంగు బండి ఎండకు తళతళలాడుతోంది, ఈ ఆకుపచ్చదానికంటే ఎనిమిదేళ్ళు చిన్నది, ధర కూడా తక్కువే, అదే భయం, చిన్నదాన్ని చవగ్గా ఎందుకిస్తాడు ఎవడైనా. ఏప్రిల్ వెళ్ళిపోతోంది, కొండ మీద వాళ్ళ ఊళ్ళో అప్పుడే పొద్దున లేచేసరికి బకెట్లో నీళ్ళ మీద పలచటి మంచు కడుతోంది, ఇంకో నెలన్నర పోతే కనుమలన్నీ తెల్లబడతాయి, ఈసారి అవి తెల్లబడే లోపల ఇంటిముందు బండి ఉండాలి, నాలుగు చక్రాలూ లాగే బండి, ఊరికే ఉండడం కాదు, పిలిస్తే పలికేది. అంగోరా మేకలు ఇరవైరెండు అమ్మేసింది, రెండేళ్ళ పంతులమ్మ జీతంలో మిగిలిందంతా దానికి కలిపింది. ఒక్కసారే కొనగలదు. ఇందులో తప్పు చేస్తే మళ్ళీ దిద్దుకోవడానికి ఆమె దగ్గర మేకలు లేవు.

అమ్మబోతే అడివి, కొనబోతే కొరివి అని ఊరికే అనలేదు. మేకల్ని తోలుకెళితే వ్యాపారి ఒక్కోదాని బొచ్చులో వేళ్ళు పెట్టి చూసి ఇది మేకా కుక్కా అని అడిగాడు, ఇక్కడ థమాయే మాత్రం తుప్పు పట్టిన టైరు కవరుకి కూడా ధర చెబుతున్నాడు. బండి కింద నుంచి రెండు కాళ్ళు బయటికి కనబడుతున్నాయి, ఒక బూటుకి మడమ దగ్గర తీగ కట్టి ఉంది, అవి పిత్సో కాళ్ళు, మొలెఫీతో కలిసి చిన్నప్పుడు గొర్రెలు కాసినవాడు, ఇప్పుడు మసేరులో పేరున్న మెకానిక్కు, అయినా బూటు బాగుచేసుకోడు. నిన్నటినుంచి ఆమె వెంట ఏడు దొడ్లు తిరిగాడు, ఒక్క పైసా వద్దన్నాడు, వాడి సమాధికి ఇదే నా పూలదండ అన్నాడు, అని మొహం అటు తిప్పుకున్నాడు. వాడు అంటే మొలెఫీ. ఆమె భర్త. రెండు చలికాలాల కిందట పోయాడు.

"అన్నా, ఏమైనా కనబడిందా?"

"కనబడకపోవడమే వింతగా ఉందమ్మా. ఇంజను కింద పెళ్ళివారిల్లు ఊడ్చినట్టుంది. ఒక్క చుక్క నూనె కారడం లేదు. దీన్నెవడో భయభక్తులతో నడిపాడు."

భయభక్తులు. ఆ మాట నమ్మాలనే ఉంది, కానీ బాగున్నదంటే నమ్మడం ఆమెకి ఇప్పుడు చేతకాదు. ఏడు దొడ్లలోనూ పిత్సో ఒకే పాట పాడాడు, ధర అడక్కు, ఇది పాడైతే సామాను ఎక్కడ దొరుకుతుందో అడుగు, మీ మొఖోట్లాంగ్ బజార్లో దొరికితే కొను, జొహానెస్‌బర్గ్ నుంచి రావాలంటే దణ్ణం పెట్టి పక్కకు తప్పుకో. ఆకుపచ్చదానికి వెనక కమాను పట్టీలు, పట్టీ విరిగితే వాళ్ళ ఊరి కమ్మరి కూడా కట్టగలడు. గేర్లు చేత్తో వెయ్యాలి, ముందు చక్రాలకి లాకు కూడా కిందికి దిగి చేత్తో తిప్పాలి, వానలో బురదలో దిగాలి, దిగుతుంది, దిగితే ఏం పోయింది. వెండిదానికి అన్నీ మీటలు, సీటు దానంతటదే వేడెక్కుతుందట, ఒళ్ళంతా పట్టు పరుపే, కింద మాత్రం పట్టీలకు బదులు బరువు మోసే గాలి బుడగలు. పైన పటారం లోన లొటారం అన్నాడు పిత్సో దాని కింద దూరి లేచి. గాలి బుడగలు అన్న మాట వినగానే ఆమె దానికి వీపు తిప్పి వచ్చి ఆకుపచ్చదాంట్లోకి ఎక్కేసింది.

మఖౌలా బండి కూడా అలాగే తళతళలాడుతూ వచ్చింది ఊళ్ళోకి. మఖౌలా ఆమె మరిది, మొలెఫీ తమ్ముడు, ఊళ్ళో మొదటి బండి అతనిదే, ఆ రోజు ఆడవాళ్ళందరూ సంతోషంతో గొంతెత్తి కూతలు పెట్టారు, అత్తగారు మామొలెఫీ బండి చుట్టూ మూడుసార్లు తిరిగి అద్దంలో తన ముఖం చూసుకుని తలగుడ్డ సర్దుకుంది. ఆర్నెల్లకి డాష్‌బోర్డు మీద ఒక పసుపు దీపం వెలిగింది. సామాను డర్బన్ నుంచి రావాలి, దానికయ్యే డబ్బుకి నాలుగు గొర్రెలొస్తాయి అన్నాడు మఖౌలా, మూడు నెలలు అన్నాడు, ఒకరోజు ఆ దీపం మీద నల్లటేపు ముక్క అంటించాడు. "ఇదిగో వదినా, బాగైపోయింది, ఇప్పుడు వెలగడం లేదు చూడు" అని నవ్వాడు. అందరూ నవ్వారు. మొలెఫీ నవ్వాడు. ఆమె కూడా నవ్వింది, పళ్ళు కనబడేలా నవ్వింది, అదే మళ్ళీమళ్ళీ గుర్తొస్తుంది, టేపు ముక్క చూసి నవ్వడం. జూన్‌లో ఒక తెల్లవారుజామున మొలెఫీ కడుపు పట్టుకుని ముడుచుకుపోతే అదే బండి వెనక సీట్లో దుప్పట్లు చుట్టి పడుకోబెట్టారు, త్లాయెంగ్ కనుమ పైకి ఎక్కేదాకా బాగానే వచ్చింది, అక్కడ, ఇంతకంటే ఎత్తున రోడ్డు లేని చోట, బండి అలసిన ఒంటెద్దులా ముందుకాళ్ళ మీద కూలబడింది. గాలి బుడగలు దిగిపోయాయి, ఇంజను తుమ్మి ఆగిపోయింది. మఖౌలా ఫోను పైకెత్తి మంచులో అటూ ఇటూ పరిగెత్తాడు. నాలుగు గంటలు. రోడ్డు మీద ఒక్క బండి లేదు, మంచు పడుతుంటే ఎవడు వస్తాడు. మొలెఫీ కళ్ళు మూసుకునే అడిగేవాడు, "బండేదైనా వస్తోందా?" ఆమె అద్దం మీద ఆవిరి చేత్తో తుడిచి చూసి "వస్తోంది" అనేది. కాసేపటికి మళ్ళీ, "వస్తోందా?" వస్తోంది. దూరంగా దీపాలు కనబడుతున్నాయి. ఏ దీపాలూ లేవు. వజ్రాల గని వైపు నుంచి ఒక లారీ వచ్చేసరికి ఎండ పైకొచ్చింది. మసేరులో మూడోరోజు పోయాడు, డాక్టరమ్మ, కుర్రది, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, కాస్త ముందు తెచ్చి ఉంటే అని, అక్కడితో ఆపింది.

అందుకే బ్రేకు మీంచి కాలు తియ్యదు. అందుకే ముప్ఫైతొమ్మిదేళ్ళ వయసులో డ్రైవింగు నేర్చుకుని రెండుసార్లు తప్పి మూడోసారి లైసెన్సు తెచ్చుకుంది, అందుకే టైమింగ్ బెల్టు ఎన్నాళ్ళకి మార్చాలో, డీజిలు వడపోత ఎంతకొస్తుందో బడిపిల్లల లెక్కల పుస్తకం వెనక రాసుకుంది. అత్తగారికి గుండె మందులు నెలనెలా మొఖోట్లాంగ్‌లో ఇస్తారు, పోయిన చలికాలం రెండు నెలలు దారి లేక మందుల్లేవు, ముసలావిడ పెదాలు నీలంగా తిరిగాయి, గుర్రం మీద కూర్చోబెట్టబోతే "నన్ను కట్టెల మోపులా కట్టకండే" అని తిట్టింది, ఊపిరాడక మధ్యలో ఆపి మళ్ళీ తిట్టింది. పెద్దబిడ్డ తెబెలోకి పద్నాలుగు, చిన్నవాడికి తొమ్మిది. ఈ ఇంట్లో ఇంకొకళ్ళని ఆ కనుమ మీద వదిలెయ్యదు. అంతే, ఇంకేం అక్కర్లేదు, సీటు వేడెక్కకపోయినా ఫర్వాలేదు.

"ఓసారి స్టార్ట్ చెయ్యి" అన్నాడు పిత్సో కింద నుంచి జరిగి. తాళం తిప్పింది. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది, దిట్టంగా, ఒకే లయలో. "కొంచెం తొక్కు. ఇంకొంచెం. అక్కడ ఆపు." అక్కడ, ముల్లు రెండువేలు దాటే చోట, ఇంజను లోపల నుంచి సన్నటి ఈల లాంటిది మొదలైంది, పశువుల కాపరి పళ్ళ సందు నుంచి వేసే ఈల, పొడుగ్గా, కాలు ఎత్తేస్తే వాలిపోయేది. ఆమె కాలు తీసి మళ్ళీ నొక్కింది. "అదేం కాదులే, టర్బో గొంతు, కొన్నిటికి అలా ఉంటుంది, జబ్బు కాదు" అని అరిచాడు పిత్సో. జబ్బు అని ఆమె అనుకోలేదు. ఈ ఈల ఎక్కడో విన్నది, ఒకసారి కాదు, గంటల తరబడి. ఎక్కడ. టాక్సీల్లోనా, మఖౌలా బండా, కాదు, అది పిల్లిలా గుర్రుమనేది. థమాయే పొద్దున ఏమన్నాడు, ఒక సంస్థ బండమ్మా, ఎప్పుడూ అరవై దాటలేదు, అయిదువేల కిలోమీటర్లకోసారి నూనె మార్చారు, ఇదిగో పుస్తకం, ప్రతిదానికీ ముద్ర, అని, ఆ తర్వాత బుగ్గలు పొంగించి నవ్వుతూ, "దీంట్లో ఎక్కినవాళ్ళెవరూ ఇవాళ్టిదాకా ఫిర్యాదు చెయ్యలేదు" అన్నాడు. ఆమె కూడా మర్యాదకి నవ్వింది.

ఇంజను ఆపి దిగింది. కాళ్ళు వాటంతటవే వెనక తలుపు దగ్గరికి నడిచాయి. వెనక సీట్లు లేవు, కావాలంటే బిగించి ఇస్తానన్నాడు థమాయే, నేల మీద కొత్త రబ్బరు పట్టా. మోకాళ్ళ మీద లోపలికి పాకి పట్టా అంచు ఎత్తింది. ముందు రెండు, వెనక రెండు, నాలుగు చిల్లులు, లప్పం పెట్టి పైన రంగు కొట్టినవి, బొటనవేలంత. వాటి మధ్య దూరం ఒక మనిషి పొడుగు. ఆమె తల ఎత్తలేదు, ఎత్తితే ఏం కనబడుతుందో తెలుసు, కొంచెం సేపు ఆ లప్పం మీదే చూపు పెట్టుకుని కూర్చుంది. తర్వాత ఎత్తింది. ఎడమ కిటికీ పైన, కప్పు గుడ్డలో, పక్కపక్కనే రెండు చిన్న కంతలు, అంచున తుప్పు మరకలు. భుజం మీద దుప్పటికి పెట్టుకున్న పెద్ద పిన్నీసు తీసి వాటిలో గుచ్చింది. ఒకదాంట్లోంచి దూరి రెండోదాంట్లోంచి సాఫీగా బయటికి వచ్చింది. ఆ రోజు బండి తెల్లగా ఉంది. కిటికీకి ఊదారంగు తెర ఉంది, గాలికి ఎగిరెగిరి పడుతూ ఉంటే ఎండ పెట్టె మీద పడి, పోయి, పడి, ఆమెకి పిచ్చెక్కినట్టయి ఈ పిన్నీసు తీసి తెరని కప్పుకి గుచ్చింది.

దారి చెప్పాలి. పోయినవాణ్ణి ఇంటికి తెచ్చేటప్పుడు పక్కన కూర్చున్నవాళ్ళు దారి చెబుతూ రావాలి, ఇదిగో ఊరు దాటుతున్నాం, ఇదిగో వంతెన, ఇక్కడ కుడికి తిరుగుతున్నాం, చెప్పకపోతే ఎక్కడ చెప్పలేదో అక్కడే ఉండిపోతారు. అది మగవాళ్ళు చెయ్యాల్సిన పని, మఖౌలా చెయ్యాలి, కానీ అతను డ్రైవరు పక్కన ముందు సీట్లో ముడుచుకుని వెనక్కి తిరగలేదు, "నేను అన్నతో ఏ మొహంతో మాట్లాడను వదినా, నువ్వే చెప్పు" అన్నాడు అద్దంలోకి. చెప్పింది. మొదట సిగ్గేసింది, డ్రైవరు వింటున్నాడని, తర్వాత అలవాటైంది, మొలెఫీ, తెయాతెయానెంగ్ దాటాం, మొలెఫీ, ఇది లెరిబే, ఇక్కడే నువ్వు నాకు ఎర్ర గొడుగు కొన్నది, బూతాబూతే వచ్చింది, ఇక్కడినుంచి కొండ, చెవులు దిబ్బెళ్ళు పడతాయి చూసుకో. మొటెంగ్ కనుమలో మంచు పేరుకుని ఉంది, ఎదురొచ్చిన లారీలు చక్రాలకి గొలుసులు కట్టుకుంటున్నాయి, ఈ బండి మాత్రం రెండో గేర్లో, ఈలేసుకుంటూ, ఒక్కసారి జారకుండా, ఒక్కసారి ఊపిరి తీసుకోకుండా ఎక్కింది. అప్పుడు ఆమెకి ఒక ఆలోచన వచ్చింది, అలాంటప్పుడు రావలసిన ఆలోచన కాదు, సిగ్గుమాలిన ఆలోచన. మూడురోజుల కిందట ఇదే బండి ఉంటే. బతికున్నవాణ్ణి మొయ్యడానికి దొరకని బండి చచ్చినవాడికి దొరికింది. ఆక్స్‌బో దగ్గర నది గడ్డకట్టింది, నీళ్ళు గడ్డకట్టాయి మొలెఫీ అని చెప్పింది. తర్వాత నిద్రపోయింది. కళ్ళు తెరిచేసరికి గని దీపాలు వెనక్కి వెళ్ళిపోతున్నాయి, త్లాయెంగ్ దాటేశారు. చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు అక్కడ చెప్పలేదని.

"నీకూ తెలిసిపోయిందా?" పిత్సో వెనక తలుపు దగ్గర నిలబడి గుడ్డపేలికతో చేతులు తుడుచుకుంటున్నాడు, ఎంతసేపటినుంచి తుడుచుకుంటున్నాడో. "బోల్టు గుర్తులు కింద నుంచి చూశాను. శవపెట్టె జారకుండా వేసే పట్టాలవి. చెబుదామా వద్దా అని."

"ఇది మొలెఫీని తెచ్చిన బండన్నా."

చేతిలో గుడ్డ కంకర మీద పడిపోయింది. వంగి తీసుకోవడానికి చాలాసేపు పట్టింది అతనికి. లేచాక గొంతు తగ్గించాడు. "విను. మెకానిక్కుగా చెబుతున్నా. ఈ దొడ్లోనే కాదు, మసేరు మొత్తం వెతికినా ఇలాంటి ఇంజను దొరకదు. పదేళ్ళు నువ్వు నూనె, వడపోతలు, టైర్లు తప్ప ఇంకేం కొనక్కర్లేదు. ఆ చిల్లుల మీద సీట్లు బిగిస్తాను, తలుపులకి ఎర్రరంగు కొడతాను. మైల పోయేలా కలబంద ముక్కలేసిన నీళ్ళతో లోపలంతా కడుక్కో. ముసలమ్మకి చెప్పకు. ఆవిడ కళ్ళు సరిగా కనబడవుగా."

కళ్ళు కనబడవు, చెవులు వినబడతాయి, అదే వచ్చిన చిక్కు. పాక తలుపు దగ్గర కూర్చుని లోయ అవతల వచ్చేది ఎవరి గుర్రమో డెక్కల చప్పుడుతో చెప్పేస్తుంది. ఆ రోజు ఊరంతా కొట్టాం దగ్గర నిలబడి ఉంటే, ఎవరికీ ఏమీ వినబడకముందే, "అదిగో ఈల" అందట మామొలెఫీ, "నా కొడుకు వస్తున్నాడు" అందట. ఆవిడ పేరే కొడుకు పేరు, మామొలెఫీ అంటే మొలెఫీ తల్లి, పొద్దున లేస్తే పలకరించే ప్రతివాళ్ళూ పోయినవాడి పేరే పలుకుతారు, ఆవిడ పలకాలి. రెండేళ్ళనుంచి ఒకటే కల. పొద్దున్నే పొయ్యి దగ్గర కూర్చుని చెబుతుంది, మళ్ళీ వచ్చాడే, రోడ్డు పక్కన రాయి మీద కూర్చున్నాడు, దుప్పటి మీద మంచు, ఇంటికి రారా అంటే లేవడు, రోడ్డు వంకే చూస్తాడు. మాతెబెలో గంజి కలుపుతూ ఉండిపోతుంది, గరిట తిప్పుతూనే ఉంటుంది, ఉడికిపోయాక కూడా. ఇక ఈ బండిని ఎర్రగా కాదు, బంగారంలా చేసి తీసుకెళ్ళినా లోయలోకి దిగగానే ఈల వేస్తుంది, ఆవిడ వింటుంది, నన్ను పాడె మీద ఆసుపత్రికి తీసుకెళతావా అంటుంది, ఎక్కదు, మందులకి వెళ్ళదు, ఇంక ఎంత మంచి ఇంజనైతే ఏం లాభం. వెండిది కొంటే ఎక్కుతుంది, వేడి సీట్లో కూర్చుని మురిసిపోతుంది, ఎప్పుడో ఒక జూన్‌లో ఒక దీపం వెలుగుతుంది, సామాను డర్బన్ నుంచి రావాలంటారు, అప్పుడు ఆమె ఏం చేస్తుంది, నల్లటేపు కోసం వెతుకుతుంది, వెతకనని ఒట్టు పెట్టుకోగలదా, పంతులమ్మ జీతంతో. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పన్నెండూ నలభై.

ఈ బండి తీసుకుంటే ప్రతిసారీ ఆ కనుమ దాటాలి, ఆమే నడుపుతూ దాటాలి, నిద్రపోడానికి వీల్లేదు. నిద్రపోవడం. లప్పం పెట్టిన చిల్లు మీద వేలు పెట్టింది, చల్లగా ఉంది. ఆ రోజు కూడా ఇక్కడే ఎక్కడో చెయ్యి ఉంది, పెట్టె కొయ్య మీద, బండి వంపు తిరిగినప్పుడల్లా కొయ్య వేళ్ళకి ఒత్తుకునేది, ఆక్స్‌బో తర్వాత మొదటి వంపు, రెండో వంపు, మంచులో రోడ్డు అంచు చూపించే కర్రలు ఎర్రవి నల్లవి, మూడో వంపు, నిద్రపోయినవాళ్ళకి వంపులు ఎలా గుర్తుంటాయి. నిద్రపోలేదు. రెండేళ్ళనుంచి నిద్రపోయానని చెప్పుకుంటోంది తనకి తనే, నిద్రపోలేదు, కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, మఖౌలా బండి కూలబడిన చోటు కనబడింది, నూనె మరక ఇంకా ఉంది మంచు మీద, నోరు తెరిచింది, మొలెఫీ ఇది త్లాయెంగ్ అని ఏ నోటితో చెబుతుంది, దీపాలు కనబడుతున్నాయని నాలుగు గంటలు అబద్ధం చెప్పిన నోటితోనా. పళ్ళు బిగించుకుంది. బండి ఈలేసుకుంటూ దాటిపోయింది.

ఫోను మోగింది. అత్తగారే, పొద్దున్నుంచి ఇది నాలుగోసారి.

"ఏమే, కొన్నావా, ఇంకా వాటి పళ్ళు లెక్కపెడుతున్నావా?"

"చూస్తున్నా అత్తమ్మా. రెండు మిగిలాయి."

"డీజిలు ఎక్కువ తాగుతుందా? మఖౌలాది పెళ్ళిలో మామలా తాగేది."

"ఒకటి తక్కువే తాగుతుంది."

"సామాను దొరుకుతుందా మొఖోట్లాంగ్‌లో?"

"దొరుకుతుంది."

"పట్టీలా, బుడగలా?"

"పట్టీలే అత్తమ్మా."

"మరి ఇంకేం చూస్తున్నావే? ఆ బండి వేసి ఫోను దగ్గర పెట్టు, నేనూ వింటాను. గొంతు వింటే గుర్రమేదో గాడిదేదో నేను చెబుతా."

పిత్సోకి అన్నీ వినబడ్డాయి, ముసలావిడ ఫోనులో మాట్లాడితే ఫోను అక్కర్లేదు, లోయకి లోయ వినబడుతుంది. అతను వేలితో వెండి బండి చూపించి, అది స్టార్ట్ చేస్తా, అదే వినిపిద్దాం, అని పెదాలతో అన్నాడు, అప్పుడే దాని తలుపు మీద చెయ్యి వేశాడు. ఎంత సులువు. పిల్లిలా గుర్రుమంటుంది, ముసలావిడ బాగుందంటుంది, ఊరికి ఆకుపచ్చది తీసుకెళ్ళి, తర్వాత చూసుకోవచ్చు, దూరంగా కదా ఫోనులో అలా వినబడిందేమో అనవచ్చు. దీపాలు కనబడుతున్నాయి అనవచ్చు. మాతెబెలో అడ్డంగా తల ఊపింది. ముందు సీట్లోకి ఎక్కి తాళం తిప్పింది, ఫోను కిటికీలోంచి బయటికి, ఇంజను వైపు పట్టుకుంది, కాలు నెమ్మదిగా నొక్కింది, వెయ్యి, పదిహేనువందలు, రెండువేలు. ఈల మొదలైంది. కాసేపు అలాగే పట్టి ఉంచి, ఆపేసి, ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. అవతల కోళ్ళు కూస్తున్నాయి, ఎక్కడో గొడ్డలి చప్పుడు.

"అత్తమ్మా?"

"ఇది నా కొడుకుని తెచ్చిన బండి."

"అవునత్తమ్మా."

"ముందే తెలుసా నీకు?"

"ఇప్పుడే తెలిసింది. అర్ధగంట అయింది."

మళ్ళీ కోళ్ళు. తిట్టు వస్తుందని ఆమె కళ్ళు మూసుకుంది, రావాలని కూడా కోరుకుంది, తిడితే వెండిది కొనేసి ఇంటికి పోవచ్చు, తప్పు తనది కాదు.

"ఆ రోజు ఎక్కడైనా ఆగిందా అది?"

"లేదు."

"మొటెంగ్‌లో? అంత మంచులో?"

"ఎక్కడా ఆగలేదత్తమ్మా. ఒక్కసారి జారలేదు."

"మరి వాడెందుకే ఇంటికి రాలేదు?" అంది ముసలావిడ. కోపంగా కాదు, చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది. "పెట్టె వచ్చింది. పాతిపెట్టాం. వాడు రాలేదు. రెండేళ్ళయింది, రోడ్డు పక్కనే కూర్చుంటున్నాడు. నువ్వు దారి చెప్పావుగా?"

చెప్పాను అనబోయి ఆపుకుంది. "త్లాయెంగ్ దగ్గర చెప్పలేదత్తమ్మా. అంతా చెప్పాను, అక్కడొక్కచోట చెప్పలేదు. నిద్రపోలేదు, మేలుకునే ఉన్నాను. ఆ రోజు అక్కడ ఆయన బండి వస్తోందా బండి వస్తోందా అని అడుగుతూనే ఉన్నాడు, నేను వస్తోంది వస్తోంది అని అబద్ధాలు చెప్పాను. మళ్ళీ ఆ చోటు పేరు ఆయనకి ఎలా చెప్పను? నోరు రాలేదు. నేనే వదిలేశాను ఆయన్ని అక్కడ."

పిత్సో అటు తిరిగి నిలబడ్డాడు. దొడ్డి గేటు బయట టాక్సీ కుర్రాళ్ళు కేకలు పెడుతున్నారు, తెయాతెయానెంగ్, తెయాతెయానెంగ్, ఒక్కరే, ఒక్కరే. థమాయే గేటు తోసుకుని వస్తున్నాడు, పక్కన టోపీ పెట్టుకున్న ఇంకో మనిషి, బేరం నిజమే అన్నమాట. ఫోనులో ముసలావిడ ముక్కు చీదుకుంటున్న చప్పుడు వినబడింది, చాలాసేపు చీదుకుంది.

"నేను దాంట్లో వెనక కూర్చోను" అంది చివరికి. "వెనక వాడి చోటు. నేను ముందు కూర్చుంటా, నీ పక్కన. మందులకి వెళ్ళేటప్పుడు కూడా అంతే. అర్థమైందా?"

"అర్థమైందత్తమ్మా."

"నూనె సరిగా చూసి పోయించుకో. చీకటి పడకముందే కనుమ దాటేలా బయలుదేరు. త్లాయెంగ్ దగ్గర బండి ఆపు, ఇంజను మాత్రం ఆపకు. తలుపు తియ్యి." ఊపిరి కోసం ఆగింది. "వాడు దేనికోసం కూర్చున్నాడో ఇప్పుడు నాకు తెలిసిందే. బండి వచ్చిందని చెప్పు."